నగోషిగారి ఆఖరి పేజీ

'దిగువ ఊరు' బొమ్మల కథ ముగింపు సంగతి తేల్చడానికి పత్రిక ఆఫీసు నుంచి హిరుకవా వచ్చిన రోజున, ఆ కథను టీవీకి తీసే స్టూడియోలో ఏసీ పనిచేయడం లేదు. సెప్టెంబరు ఎండ. ఒగికుబో స్టేషను వెనక, మూడో అంతస్తులో ఇరుకు గది. దర్శకుడు సమేజిమా మెడకు తడి తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాడు. అతని పక్కన స్క్రిప్టు రాసే చిగుసా, యాభైకి దగ్గరపడ్డ మనిషి, పెన్సిలు చెక్కుకుంటోంది.

"నగోషి గురువుగారు ఒక్క మాటే చెప్పారండీ," అన్నాడు హిరుకవా తల వంచి. "టీవీ ముగింపు టీవీ వాళ్లనే చేసుకోమను, నా ముగింపు జోలికి రావద్దను అన్నారు. అంతే."

"ముహూర్తం పెట్టేసి పెళ్లికొడుకుని మీరే వెతుక్కోండి అన్నట్టుంది," అన్నాడు సమేజిమా. "కనీసం కథలో ఆ తల్లి చచ్చిందో బతికిందో అయినా చెప్పమనండి బాబూ. మూడేళ్లుగా పిల్లలు ఉత్తరాలు రాసి చంపుతున్నారు."

"అది నాకే చెప్పలేదండీ. నాకంటే ముందు ఆ కథ చూసిన ఎడిటరుకీ చెప్పలేదట. ఆఖరి పేజీ మాత్రం ఆయన తలలో ఉంది. పదమూడేళ్లుగా ఉంది. అందులో అనుమానం లేదు."

చిగుసా పెన్సిలు చెక్కడం ఆపలేదు. ఆఖరి పేజీ ఆయన తలలో ఉన్నమాట నిజమే. అంతకుముందు అది ఆమె తలలో ఉండేది.

"కజమాగారూ, మీరేమంటారు?" అని అడిగాడు హిరుకవా ఆమెకేసి తిరిగి. స్క్రిప్టుల మీద ఆమె పేరు కజమా రెన్ అని ఉంటుంది. పదేళ్లుగా ఆ పేరుతోనే రాస్తోంది. పత్రిక వాళ్లకు ఆ పేరే తెలుసు.

"రాస్తానండి," అంది ఆమె. "చెయ్యమన్నారుగా, చేద్దాం."

ఇలాంటి తంటా ఆ పనిలో ఉన్నవాళ్లకు కొత్తది కాదు. బొమ్మల కథ పత్రికలో నెలకు ముప్పై పేజీలు వస్తుంది. టీవీ వాళ్లు నెల రోజుల తిండిని వారంలో తినేస్తారు. పన్నెండున్నరేళ్లు పండిన పంట మూడేళ్లలో ఊడ్చుకుపోయింది. ఎద్దుబండి వెనకాల రైలు తోలితే ఏమవుతుంది? గుద్దుకోకుండా చూసుకోవాలి. అందుకని కొందరు నడిమధ్యలో నీళ్లు కలుపుతారు. ఒక వారం అందరూ వేడినీళ్ల స్నానానికి వెళ్తారు, ఇంకో వారం వంటల పోటీ పెట్టుకుంటారు. ఇక కలపడానికి నీళ్లు కూడా లేనప్పుడు తమ ముగింపు తామే రాసుకుని దుకాణం మూస్తారు. సమేజిమా స్టూడియోకు మార్చి ఆఖరు వరకే గడువిచ్చారు.

ఇంకో కారణం కూడా ఉంది, పైకి ఎవరూ అనరు. కథ గీసేవాడి ముగింపు ముందు టీవీలో వచ్చేసిందనుకోండి, తర్వాత అదే ముగింపు ఆయన పత్రికలో గీస్తే జనం మొహం మీదే అంటారు, టీవీ చూసి గీశాడని. అది ఇక ఎంగిలి కూడు. ఏ గురువూ ముట్టడు. అందుకే చాలామంది గురువులు తామే బతిమాలుకుంటారు, మీ దారిన మీరు పోండి, నా ముగింపు నాకు మిగల్చండి అని. రెండు ముగింపులు రెండు రకాలుగా ఉండటానికి సగం మూలం అక్కడుంది.

నగోషిగారు అదే అడిగాడు. అడిగినవాడికి తెలియదు, ఆ మాట ఎవరి చెవిన పడుతోందో.

*

చిగుసా పుట్టింది కొండల మధ్య ఒక లోయలో. ఆ లోయకు అడ్డంగా ఆనకట్ట కట్టారు. ఊళ్లోవాళ్లు ఇళ్లు విప్పుకుని, దూలాలతో సహా మోసుకుని, పైన కట్టిన కొత్త ఊరికి వెళ్లిపోయారు. చిగుసా ఇల్లు మాత్రం విప్పలేదు, విప్పడానికి ఇంట్లో మగదిక్కు లేదు. అప్పుడు దానికి తొమ్మిదేళ్లు. ఆఖరి రోజు వాళ్లమ్మ దాని చేతిలో ముల్లంగి ఊరగాయ మూట పెట్టి, "మామయ్యతో నువ్వు ముందు పో. నేను ఇల్లు సర్ది వస్తా," అంది. రాలేదు. నీళ్లు వచ్చాయి.

ఊరంతా ఒకటే మాట. ఇల్లు వదల్లేక ఇంట్లోనే కూర్చుండిపోయింది మహాతల్లి, అని. బడిలో పిల్లలు, "మీ అమ్మ చెరువులో ఉందే," అనేవాళ్లు. చిగుసా పదేళ్ల పాటు ఆ నీళ్ల ఒడ్డున అగరొత్తులు వెలిగించింది. పోయినవాళ్లను తలుచుకునే ప్రతి బోన్ పండక్కీ ఒక అన్నం ముద్ద నీళ్లలోకి విసిరింది.

దానికి పంతొమ్మిదేళ్లప్పుడు పెద్ద కరువొచ్చింది. నీళ్లు దిగి కింది ఊరు పైకి తేలింది. బురద ఎండి పెంకులు పెంకులుగా పగిలిపోయింది. చిగుసా దాని మీద నడుచుకుంటూ తన ఇంటి దాకా వెళ్లింది. తలుపుకు తాళం వేసి ఉంది. బయటి నుంచి.

తుప్పు పట్టి, నాచు పట్టి, తాళం కప్ప వేలాడుతోంది. బయటి నుంచి తాళం వేసిన మనిషి లోపల ఉండదు కదా. అమ్మ చావలేదు. ఇల్లు సర్దుకుంది, తాళం వేసుకుంది, పైదారిన కూతురి దగ్గరకు రాకుండా కిందిదారిన ఎటో వెళ్లిపోయింది. అంతే సంగతి.

చిగుసా ఈ మాట ఎవరికీ చెప్పలేదు. ఊళ్లోనూ చెప్పలేదు. పద్నాలుగేళ్ల తర్వాత ఒక్క మనిషికి చెప్పింది.

అప్పటికి ఆమె నగోషిగారి దగ్గర పదో ఏడు పనిచేస్తోంది. ఆయన మనుషుల మొహాలు గీసేవాడు. కొండలు, ఇళ్లు, నీళ్లు, వాన, చెట్ల ఆకులు ఆమె గీసేది. ఆ వేసవిలో ఆయన పాత కథ అమ్ముడుపోక ఆగిపోయింది. కొత్తది తట్టడం లేదు. ఒక సాయంత్రం అందరికీ చల్లటి సోబా నూడుల్స్ తెప్పించి, "ఏమే చిగుసా, మీ ఊరి సంగతి ఎప్పుడూ చెప్పవేం?" అన్నాడు. ఆ అడగడంలో ఎంత ప్రేముందో! చెప్పింది. మొత్తం చెప్పింది. ఆయన సోబా తినడం మానేసి విన్నాడు.

మరుసటేడు 'దిగువ ఊరు' అని కథ మొదలైంది. నీళ్లలో మునిగిన ఊళ్లో తల్లిని వెతుక్కునే సాయో అనే పిల్ల కథ. చిగుసాకు మొదట్లో సంతోషమే. తన ఊరి ప్రతి గోడా తన చేత్తోనే గీసింది. "ఆ తాళం ఉంది చూశావూ, అదే ఆఖరి పేజీ," అన్నాడు నగోషిగారు. "అందాకా నోరు విప్పకు. నాకూ నీకూ తప్ప మూడో మనిషికి తెలియకూడదు."

ఏడాది తిరిగేసరికి ఆ కథకు పెద్ద బహుమతి వచ్చింది. హోటల్లో సభ. వెయ్యిమంది జనం. ఈ కథ మీకెలా తట్టిందండీ అని అడిగారు. నగోషిగారు మైకు పట్టుకుని, "రైల్లో కునుకు పట్టింది. కలలో నీళ్ల కింద ఒక ఊరు కనిపించింది," అన్నాడు. చప్పట్లు కొట్టారు. చిగుసా వెనకాల గోడవారన నిలబడి తనూ కొట్టింది. చెయ్యి దానంతటదే కొట్టింది.

వారం తర్వాత వెళ్లి అడిగింది. పుస్తకం చివర, ఏ మూలనో, చిన్న అక్షరాల్లో తన పేరు వెయ్యమని.

ఆయన నవ్వాడు. "ఉప్పు అమ్మినవాడు వచ్చి కూరకు నా పేరు పెట్టమంటాడా చిగుసా? వంట చేసింది నేను."

"అది ఉప్పు కాదు గురువుగారూ. మా అమ్మ."

ఆ నెలాఖరుకు ఆమెను పనిలోంచి తీసేశాడు. తీసేసి ఊరుకున్నా బాగుండేది. ఆ మనిషి అచ్చు కాకముందే పేజీలు బయటికి పొక్కిస్తుంది, దగ్గరికి రానీయకండి అని తోటి గురువులందరి చెవిలో వేశాడు. ఆ పనిలో అంతకంటే పెద్ద మచ్చ లేదు. చిగుసా తన పేరుతో ఎక్కడికి వెళ్లినా తలుపు వేసేశారు. గీసే చెయ్యి అక్కడితో ఆగిపోయింది. రెండేళ్లు బెంటో దుకాణంలో అన్నం పొట్లాలు కట్టి, తర్వాత వేరే పేరు పెట్టుకుని టీవీ స్క్రిప్టులు రాయడం మొదలుపెట్టింది.

మొన్న వసంతంలో 'దిగువ ఊరు' రాస్తున్న పెద్దాయన మంచాన పడ్డాడు. సమేజిమా ఆమె దగ్గరకు వచ్చి, "అక్కా, నువ్వే గట్టెక్కించాలి," అన్నాడు. ఆమె ఒకప్పుడు బొమ్మలు గీసేదని అతనికి తెలుసు. ఎవరి దగ్గరో తెలియదు. ఒక రోజు టైమడిగి, రెండు రోజులు ఆలోచించి, ఒప్పుకుంది.

*

స్క్రిప్టు రాయడానికి ఆమెకు నాలుగు రోజులు పట్టింది. తన ఇంటి కథ రాయడానికి ఎంతసేపు! చిక్కు అది కాదు. కథ గీసినాయన చూసి ముద్ర కొట్టనిదే ఏ స్క్రిప్టూ బొమ్మలవాళ్ల చేతికి వెళ్లదు. నగోషిగారు ఆఖరి రెండు పేజీలు చదివాడంటే, అక్కడే ఎర్ర పెన్సిలుతో గీత కొడతాడు.

కానీ ఆయన ఎప్పుడు చదువుతాడో, ఎప్పుడు చదవడో చిగుసాకు తెలిసినట్టు ఆయన భార్యకు కూడా తెలియదు. పదకొండేళ్లు ఆ ఇంట్లో నేల మీద పడుకుంది. నెల మొదట్లో ఆయన రాజు. గడ్డం గీసుకుంటాడు, ఉత్తరాలు చదువుతాడు, అక్షరం తప్పున్నా పట్టుకుంటాడు. ఇరవై దాటిందా, మనిషి మారిపోతాడు. ఇరవయ్యారు, ఇరవయ్యేడు తేదీల్లో ఆ గదిలో సిరా వాసన, చెమట వాసన, ఎవరైనా దగ్గితే తిట్లు. ఇరవయ్యెనిమిది మధ్యాహ్నానికి పేజీలు అచ్చుకు వెళ్లాలి. ఆ మూడు రోజులూ బయటి నుంచి ఏ కాగితం వచ్చినా, టీ కప్పు మీద బొమ్మ కానీ, క్యాలెండరు కానీ, అందరికంటే పాతవాడైన సహాయకుడు సొరుగులోంచి ముద్ర తీసి కొట్టి పంపేయాలి. అది ఆ ఇంటి ఆచారం. పదకొండేళ్లలో ఎనిమిదేళ్లు ఆ ముద్ర కొట్టిన చెయ్యి చిగుసాదే.

అందుకని స్క్రిప్టు అక్టోబరు పదో తేదీకే తయారైనా, సొరుగులో పెట్టుకుని కూర్చుంది.

"అక్కా, అయిందా లేదా?" అని సమేజిమా రోజూ గోల.

"ముగింపయ్యా. అన్నం ఉడకద్దూ?"

"ఉడికించి ఉడికించి మాడ్చేసేలా ఉన్నావు."

ఇరవయ్యారో తేదీ పొద్దున పంపింది. పదకొండింటికి ఫోన్ చేసింది. ఎత్తింది తొబే. ఇప్పుడు ఆ కుర్చీలో కూర్చునేది అతను. నలభై ఏళ్ల మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి. ఆమె ఎప్పుడూ చూడలేదు, గొంతు మాత్రం ఫోన్లో విని తెలుసు.

"కజమానండి. ఆఖరి స్క్రిప్టు పంపాను. రేపు సాయంత్రానికి ముద్ర కావాలి. లేకపోతే బొమ్మలవాళ్లు చేతులు ముడుచుకు కూర్చుంటారు."

"అమ్మా, ఇవాళ ఏం తారీఖో చూశారా?" తొబే గుసగుసగా అన్నాడు. "ఇంకా పదకొండు పేజీలకు సిరా పడలేదు. ఇప్పుడు పలకరిస్తే సిరాబుడ్డి నా నెత్తి మీద పగుల్తుంది."

"పోనీ ఒక్క మాట అడిగి చూడండి. చదువుతారా, ముద్ర కొట్టమంటారా అని. మళ్లీ రేపు ఎవరూ మాట పడకూడదు."

ఫోన్ బల్ల మీద పెట్టిన చప్పుడు. అడుగులు. తొబే ఏదో గొణిగాడు. ఆ తర్వాత పన్నెండేళ్లుగా వినని గొంతు, అదే గొంతు, గోడలు అదిరేలా వినిపించింది.

"టీవీది టీవీ వాళ్ల చావు వాళ్లను చావమన్నానా లేదా! ముద్ర కొట్టి పారేయ్, నన్ను చంపకండ్రా!"

అది ఆయన నోటితోనే వినాలని ఆమె అడగమంది. విన్నది.

"విన్నారుగా," అన్నాడు తొబే వచ్చి. "కొట్టి పంపిస్తా. మీరు మంచి మనిషండీ, విసుక్కోరు."

 రేపు ఇది బయటపడ్డాక నగోషిగారు తన్ను తాను తిట్టుకోడు. ముద్ర కొట్టిన చేతిని విరగ్గొడతాడు. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. ఫోన్ ఇంకా చేతిలోనే ఉంది. ఆగండి, మూడో తారీఖున పంపుతా అంటే సరిపోయేది. అనలేదు. "థాంక్సండీ," అని పెట్టేసింది.

మర్నాడు సాయంత్రం స్క్రిప్టు తిరిగొచ్చింది. మొదటి పేజీ మీద ఎర్రగా, గుండ్రంగా, నగోషి.

సమేజిమా ఆఖరి పేజీలు అప్పుడే మొదటిసారి చదివాడు. చదివి లేచి వెళ్లి కిటికీ దగ్గర నిలబడ్డాడు. 

"అక్కా, ఇది ఎక్కడ దొరికింది నీకు?"

"నడుచుకుంటూ వెళ్తే దొరికింది."

"ఆయన చూశాడా?"

"ముద్ర ఉందిగా."

సమేజిమా ముద్ర వంక చూశాడు, ఆమె వంక చూశాడు. తెలివైనవాడు. స్క్రిప్టు తీసి బొమ్మలవాళ్లకిచ్చే కట్టలో పెట్టాడు.

"ఇంకొకటి," అంది చిగుసా. "చివర పేర్లు పడేటప్పుడు ఈ ఒక్కదానికి కజమా రెన్ అని వెయ్యొద్దు. మినేగిషి చిగుసా అని వెయ్యి. అక్షరాలు కనపడేలా."

"పదేళ్లు దాచుకున్న పేరు."

"దాచుకోలేదు నాయనా. పెట్టుకోనివ్వలేదు."

*

మార్చి ఆఖరి ఆదివారం సాయంత్రం అయిదింటికి స్టూడియోలో అందరూ టీవీ ముందు చేరారు. బీరు, వేయించిన కోడి, బుగ్గల్లో కుక్కుకుని నవ్వులు. సగం అయ్యేసరికి నమిలే చప్పుడు ఆగింది.

సాయో పగిలిన బురద మీద నడుచుకుంటూ వెళ్తోంది. పాట లేదు, సంగీతం లేదు. కాలి కింద బురద పెంకులు విరిగే చప్పుడు ఒక్కటే. ఇల్లు. తలుపు. తాళం. పిల్ల దాన్ని పట్టుకుని లాగలేదు, ఏడవలేదు. అమ్మ కోసం తెచ్చిన అన్నం ముద్ద విప్పి, ఆ తలుపుకే వీపు ఆనించి కూర్చుని, మొత్తం తనే తిన్నది. వేళ్లకంటిన మెతుకులు కూడా తిన్నది. అక్కడ ఆపేశారు. నల్లటి తెర మీద తెల్లగా ఒక్క పేరు: రచన, మినేగిషి చిగుసా.

అయిదూ ముప్పై రెండుకు ఆమె ఫోన్ మోగింది. అవతల ఊపిరి వినిపించింది.

"బాగుందా గురువుగారూ?" అని అడిగి పెట్టేసింది.

ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది. పగ తీర్చుకున్నవాళ్లకు నిద్ర పట్టదంటారు. ఆమెకు పట్టింది, పొద్దెక్కేదాకా లేవలేదు.

వారం తిరక్కుండా దేశమంతా తాళం మాటే. పత్రికకు బస్తాల కొద్దీ ఉత్తరాలు. మెచ్చుకున్నవాళ్లంతా నగోషిగారినే మెచ్చుకున్నారు. ఎంతైనా ఆయన కథ కదా, ఆయనే చెప్పి ఉంటాడని. చిగుసా ఆ సంగతి ముందే ఊహించింది, అయినా కడుపు మండింది. ఆ పొగడ్తల్లోంచే హిరుకవాకు ఒక ఉపాయం తట్టింది. దాన్ని పట్టుకుని నగోషిగారు తనే బయలుదేరి వచ్చాడు.

స్టేషను దగ్గర కాఫీ హోటలు. మధ్యాహ్నం మూడు. అరవై ఎనిమిదేళ్ల మనిషి, చిక్కిపోయాడు. కుడిచేతి నడిమివేలు సిరాతో ఎప్పటిలా నల్లగానే ఉంది. కొట్టువాళ్ల బట్టలో చుట్టిన మిఠాయి పెట్టె బల్ల మీద పెట్టి, రెండు చేతులూ తొడల మీద ఆనించి నుదురు బల్లకు తగిలేలా వంగాడు.

"అంత వంగకండి, నడుం పట్టేస్తుంది," అంది చిగుసా. "ఏం కావాలో చెప్పండి."

"ఒక్క లైను చిగుసా. జూన్ సంచికలో. టీవీ ముగింపు నగోషి ముందుగా ఇచ్చినదే, అని. నువ్వు కాదనకుండా ఉంటే చాలు. అప్పుడు నేనూ అదే గీసుకోవచ్చు. ఎవరూ ఎంగిలి అనరు."

"నేను కూడా ఒక్క లైనే అడుగుతా. దాని కిందే వెయ్యండి. ఈ తలుపు నాది కాదు, మినేగిషి చిగుసా తల్లిది, ఆమె చెబితే విన్నాను, అని. మీ చేతిరాతతో. అప్పుడు గీసుకోండి. ఎంత బాగా అయినా గీసుకోండి."

"అది వేస్తే పదమూడేళ్ల పుస్తకాలన్నీ నీవైపోతాయి."

"కావు. మిగతాదంతా మీరు గీసిందే. ఆ పిల్ల మొహం మీరు తప్ప ఇంకెవరూ గీయలేరు, ఆ చేతికి నేను వంక పెట్టను. నాది తలుపొక్కటే."

ఆయన కాఫీ చెంచా పట్టుకుని తిప్పుతూ ఉన్నాడు. కాఫీలో పాలూ లేవు, పంచదారా లేదు.

"వెయ్యిమంది ముందు చెప్పాను, రైల్లో కలొచ్చిందని. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని..."

"అయితే మళ్లీ రైలెక్కండి. ఇంకో కల రాకపోతుందా!"

"నా దగ్గర ఇంకేమీ లేదే." ఆ మాట ఆయన పిల్లాడిలా అన్నాడు. "పదమూడేళ్లూ ఆ ఒక్క పేజీకేసే నడిచాను. వేరే దారి ఆలోచించనే లేదు."

"తెలుసు. ఉండి ఉంటే నేనింత కష్టపడేదాన్ని కాదు."

ఆయన మొహం ఎర్రబడింది. పాత కోపం లేచింది. "ముద్ర కొట్టిన ఆ వెధవను ఆ రోజే గెంటేశాను. పన్నెండేళ్లు అన్నం పెట్టినందుకు నా గొంతు కోశాడు."

"కొట్టమన్నది మీరు. ఫోన్లో నేను విన్నాను."  తొబే పేరు ఆమె ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. "గెంటినవాణ్ని అక్కడితో వదిలెయ్యండి. బయట ఎవరి దగ్గరైనా అతని గురించి ఒక్క చెడ్డమాట అన్నారని తెలిసిందా, తాళం కథ ఎక్కడ పుట్టిందో నేను టీవీలో కూర్చుని చెబుతాను. ఊరు పేరుతో సహా."

 ఒక్క లైను. రాసేస్తే అయిపోయేది. రాస్తానంటాడేమోనని ఆమె ఒక్క క్షణం చూసింది కూడా. ఆయన పెన్ను పట్టే చెయ్యి బల్ల మీదే ఉంది, కదల్లేదు. చివరికి లేచి, మరోసారి వంగి, వెళ్లిపోయాడు. మిఠాయి పెట్టె ఆమె ముట్టుకోలేదు. హోటలామెను పిలిచి ఇచ్చేసింది.

బయటికొచ్చి తొబేకు ఫోన్ చేసింది. సమేజిమా దగ్గర కొండలూ ఇళ్లూ గీసే పని ఉంది, రమ్మని చెబుదామని. అతను ఎత్తలేదు. మర్నాడూ ఎత్తలేదు. మూడోసారి చేస్తే ఆ నంబరు లేదన్నారు. ఆ ఒక్కటీ ఆమె లోపల ముల్లులా ఉండిపోయింది, ఉండాల్సిందే కూడా.

*

జూన్ సంచికలో ఏ లైనూ రాలేదు. రచయితకు ఒంట్లో బాగాలేదు, కథ కొన్నాళ్లు ఆగుతుంది అని వేశారు. కొన్నాళ్లు అన్నది పద్నాలుగు నెలలైంది. తర్వాత ఒక్క సంచికలో ముగిసిపోయింది. సాయో నీళ్ల ఒడ్డుదాకా వస్తుంది. నీళ్లు దిగవు. పిల్ల కాసేపు నిలబడి, వెనక్కి తిరిగి, కొండెక్కి వెళ్లిపోతుంది. తల్లి ఏమైందో లేదు. పదమూడు పేజీలు నీళ్లే. ఆ నీళ్లు కూడా ఎవరో పరాయి చెయ్యి గీసింది.

ఆఖరి పుస్తకం బజారులోకి వచ్చిన రోజు చిగుసా ఇంటి దగ్గరి పుస్తకాల కొట్లో నిలబడి చదివింది. రెండుసార్లు చదివింది. ఆ పిల్ల వెనక్కి తిరిగే బొమ్మ దగ్గర మాత్రం ఆగిపోయింది. బాగా గీశాడు. అది కాదనలేకపోయింది. కానీ తలుపు లేదు, ఎక్కడా లేదు. అది చూడటానికే వచ్చింది.

పక్కన యూనిఫాంలో ఉన్న ఆడపిల్ల అదే పుస్తకం పట్టుకుని కొట్టావిడను అడుగుతోంది.

"పిన్నిగారూ, టీవీలో తాళం ఉంది కదా, ఇందులో లేదేంటి? ఏది అసలుది?"

కొట్టావిడ కళ్లజోడు పైకి తోసుకుంది. "పుస్తకమే అసలుది అనాలమ్మా, గీసినాయన గీసింది కాబట్టి. కానీ నన్నడిగితే, ఆయన ముగింపు ఎవరో ఎత్తుకుపోయారు. చూడు, ఆఖర్న మనిషికి చేతులాడలేదు."

"ఎత్తుకుపోలేదండీ," అంది చిగుసా.

ఇద్దరూ ఆమెకేసి తిరిగారు.

"ఎవరిది వాళ్లు తీసుకెళ్లారు."

ఆడపిల్ల ఆమెను ఎగాదిగా చూసింది. "మీకెలా తెలుసాంటీ?"

"ఆ ఊరి దాన్ని నేను," అంది చిగుసా. "టైముందా నీకు? చెబుతాను, విను."

కొట్టావిడ లోపలి నుంచి పీట తెచ్చి వేసింది.